ఇనుము ఎక్కడిది

తూర్పు సయాన్ కొండల్లో జూలై అంటే
పొద్దున మంచు, మధ్యాహ్నం జోరీగలు,
రాత్రి మళ్ళీ మంచు.
ఆరు వారాలుగా మేం తిన్నది డబ్బా మాంసం,
నమ్మింది ఒక తెల్లటి గుట్టని.

దూరాన్నించి కరగడం మరిచిపోయిన మంచు.
దగ్గరికెళ్తే పలుగురాయి.
భూతద్దం కింద
ఒకదాన్నొకటి కరుచుకున్న పంచదార పలుకులు.

ఒకప్పుడిది సముద్రపు అంచు.
అప్పటికి చేపలు కూడా లేవు,
ఆ నీళ్ళకి పేరు పెట్టే నోరేదీ లేదు.
అలలు చెరిగి చెరిగి
బంకమట్టినీ అభ్రకాన్నీ ఎటో ఎగరేసి
చేటలో మిగిల్చిన ఇసక.
తర్వాత దాని మీద కొండలొచ్చి కూర్చున్నాయి,
అడుగున పొయ్యి రాజుకుంది,
మరిగే నీళ్ళు సందుసందునా దూరి
మిగిలిన మరకల్నీ ఊడ్చుకుపోయాయి.
నా నివేదికలో ఇదంతా మూడు వాక్యాలు.

ఇరవై మూడు కందకాలు, నాలుగు బోర్లు.
డ్రిల్లుకి నీళ్ళు జడలబర్రెల మీద వచ్చేవి.
తోలుకొచ్చేది బాల్దన్,
సోయోత్ మనిషి, డెబ్బై దాటినవాడు.
వచ్చినప్పుడల్లా గుట్ట మొదట్లో ఆగి
పాలు కలిపిన టీ నాలుగు దిక్కులా చిలకరించి
మా వైపు చూడకుండా ఎక్కేవాడు.

ఆగస్టులో ఇర్కుత్స్క్ నించి రేడియోలో లెక్కలొచ్చాయి.
అల్యూమినియం సరే. టైటానియం సరే.
ఇనుము, పదిలక్షల్లో నలభై పాళ్ళు.
వెనియామిన్ బూట్లు కూడా విప్పకుండా
గుడారం బట్టవైపు తిరిగి పడుకున్నాడు.
నలభై అంటే సీసాలకి పనికొచ్చే రాయి.
మాకు కావలసింది రెండు లోపు.

ఆ రాత్రి కోర్ పెట్టెలన్నీ మళ్ళీ తెరిచాను,
లాంతరు పట్టుకుని, మీటరు తర్వాత మీటరు.
తుప్పు గీత లేదు. ఎర్రమన్ను పొర లేదు.
రాయిలో లేని ఇనుము
లెక్కలోకి ఎక్కణ్ణించి వచ్చింది?

పొద్దున్నే నీళ్ళు దించుతున్న బాల్దన్‌కి చెప్పాను,
ఎవరికో ఒకరికి చెప్పాలి గనక.
వినలేదనుకున్నాను.
బిందెలు సర్దడం అయ్యాక వచ్చి
నా నడుముకి వేలాడే సుత్తిని
చూపుడువేలితో ఒక్కసారి తట్టాడు.
"కొన్నప్పుడు ఇంత గుండ్రంగా ఉందా ఇది?"

కేజీ ఉక్కు.
తొమ్మిది వందల నమూనాల మీద మోగి మోగి
మొన అరిగిన ఉక్కు.
అరిగింది ఎక్కడికి పోతుంది?
సాయంత్రాలు నేను ముచ్చటపడి చూసిన నిప్పురవ్వలు,
ఒక్కో రవ్వా ఒక్కో ఇనప నలుసు.
పలుగురాతి మీద పలుగు దించిందీ మేమే,
మురికి ఎవరిదని అడిగిందీ మేమే.

ఇక ముల్లుని ముల్లుతో తీసినట్టు
రాయిని రాయితోనే కొట్టాం.
ఎక్కడ పట్టుకోవాలో, ఏ పక్క దెబ్బ పడాలో
బాల్దనే చూపించాడు.
నా వేళ్ళు రెండు నలిగాయి, వెనియామిన్‌వి మూడు.
తెల్లటి ముక్కల్ని గుడ్డసంచుల్లో కట్టాం.

ఆ లెక్క బాగా వస్తే ఈ గుట్ట మిగలదని
అతనికీ తెలుసు.
ఎందుకు చూపించావని నేనడగలేదు.
ఆ రోజు కిందికి దిగుతూ మాత్రం
టీ చిలకరించిన చోట చాలాసేపు నిలబడ్డాడు.

అక్టోబరులో కబురొచ్చింది. ఒకటిన్నర.
అప్పటికి నిజం మంచు పడి
ఏది రాయో ఏది మంచో తెలియకుండా ఉంది పైన.
బాల్దన్ మందని లోయలోకి తోలుకుపోయాడు.
అతనికి ఎవరు చెప్పాలన్నది
మాలో ఇంకా తేలలేదు.