మూడో గుండీ

ముప్పై ఒక్క ఏండ్లు
బల్లార్షా మిల్లుల కాగితం లెక్కపెట్టిన.
ఐదు వందల షీట్ల రీమును
విసనకర్ర లెక్క విప్పి
బొటనవేలు కింద ఐదైదు జారవిడుస్తుంటే
పాచ్, దహా, పంధరా, వీస్...
తిట్టేది తెలుగుల, లెక్కపెట్టేది మరాఠీల.
ఒక్క షీటు తక్కువున్నా
నాకంటే ముందు వేలుకు తెలిసేది.

పోయిన కార్తీకంల ఒక పొద్దున
టీ గ్లాసు చేతులనే ఉన్నదనుకున్న.
కింద పగిలిన చప్పుడైంది.
కుడి పక్క మొత్తం
నానవెట్టిన వెదురు గుజ్జు.

చంద్రపూర్ దవాఖానల నోరు తెరిస్తే
బానక్క పేరు రాలేదు.
పాచ్, దహా, పంధరా, అవి వచ్చినయి.
ఆమె ఏడ్వలేదు.
"వీస్" అన్నది, అందిచ్చినట్టు.

శీతల్ మడావి, రాజురా పిల్ల.
ఆక్యుపేషనల్ థెరపిస్టు అని బోర్డు.
ఆ మాటకు మా గల్లీల ఎవలకూ నోరు తిరగక
చేతి మేడం అన్నరు.
రబ్బరు ముద్ద ఇచ్చి పిసుకుమన్నది.
తొర్రల పలక, రంగు మేకులు ఇచ్చి గుచ్చుమన్నది.
మూడు రోజులు గుచ్చిన.
నాలుగో రోజు ఎడమ చేత్తోని నెట్టేసిన.
మేకులు మంచం కిందికి ఉరికినయి.
వంగి ఏరుకుంట, తలెత్తకుండనే,
వచ్చీరాని తెలుగుల అడిగింది:
"మామా, మీ ఇంట్ల పొద్దున లేస్తే ఏమేం పనులుంటయి?"

జవాబు దొరకలేదు.
నోరు పడిపోయినందుకు కాదు.
సైరన్ తప్ప
పొద్దున గురించి నాకేం తెల్వదు.
బానక్క చెప్పింది.
చెప్తనే ఉన్నది.
మేడం రాసుడు ఆపి, వేళ్లు విదిలిచ్చుకొని,
మళ్ల రాసింది.

తెల్లారి పలక రాలేదు.
మెంతికూర కట్ట వచ్చింది.

ఆకు గిల్లుడు ఎంత పనో
గిల్లని మొగోడికి ఏమెరుక.
కాడ వేళ్ల సందుల ఇరుకుతది,
బొటనవేలు తన దారిన తాను పోతది.
ఒక్క కట్టకు గంటన్నర.
ఆ పూట కూరల ఆకుల కన్న కాడలే ఎక్కువ.
బానక్క నమిలింది, ఏమనలేదు,
ఒక్క కాడను పళ్లెం అంచున వెట్టుకొని
దాన్ని చూసుకుంట తిన్నది.

తర్వాత ఎల్లిపాయ. తర్వాత పల్లీలు.
తర్వాత తువ్వాల పిండుడు,
అది కుదరలేదు, ఇప్పటికీ దండెం కింద మడుగే.
చెంబు ఎత్తితే, ఎవలన్నా చూస్తుంటే,
చెయ్యి వణుకుతది.
చూడకుంటే కొంచెం తక్కువ.

వర్ధా దిక్కు గాలి తిరిగితే
ఉడికిన వెదురు వాసన ఇంట్లకు వస్తది.
సైరన్ కూస్తే ఇప్పటికీ రెండు కాళ్లూ లేస్తయి.
ఒకటి లేస్తది.

ఎండకాలంల ఒక పగటీలి
చింతపండు గింజలు తీస్తున్న.
కుప్పల గింజలను బొటనవేలు
దానంతట అదే ఐదైదుగ జరిపింది.
నేను చెప్పలేదు దానికి.
ఐదు. పది. పదిహేను.
ఈసారి తెలుగుల వచ్చినయి,
నేనెన్నడూ లెక్కపెట్టని నా భాషల.
బానక్క పొయ్యి కాడికెల్లి
"ఇరవై" అన్నది.

అంగీకి గుండీలు ఐదు.
పైవి రెండు చైత్రంల వచ్చినయి,
కిందివి రెండు తొలి వానకు.
మూడోది, ఛాతీ నడుమది, కాజా బిగువు.
దాన్ని బానక్క గడప కాడ ఆపి పెడుతది,
నాలుక పళ్ల సందుల వెట్టి,
నా ముఖం చూడకుండ.
ఇన్నేండ్ల కాపురంల
పట్టపగలు ఇంత దగ్గరగ నిలబడలేదు మేము.
ఆమె వేళ్లకు ఎల్లిపాయ వాసన.
నా వేళ్లకు కూడ.

మేడం కాగితంల గడులుంటయి.
తినుడు, టిక్కు. తానం, టిక్కు.
బట్టలు... పెన్ను ఆగింది.
"మూడోది ఇంకా రాలేదా మామా?"
రాలేదన్న.

మొన్న మంగళవారం
బానక్క నీళ్లకు పోయినంక
ఒక్కణ్నే నిలబడి పెట్టుకున్న.
బిందె చప్పుడు వినపడంగనే
మళ్ల తీసిన.
పెట్టుడు కన్న
తీసుడే ఆలస్యమైంది.