బంతికి సరిపడా

పోయిన వైశాఖంలో, రాత్రి పదిన్నరకి,
సింగ్‌నగర్ అంతా ఒక్కసారే ఏసీలు వేసుకున్న వేళ
నా కంప్యూటర్ చచ్చిపోయింది.
పెద్ద చప్పుడేం లేదు. టక్ అంది.
తర్వాత వాసన.
పోపు మాడినట్టు కాదు, చేప మాడినట్టూ కాదు,
రెండింటికీ మధ్య ఏదో.
తెర మీద అప్పటిదాకా
ఉయ్యూరు పెళ్లికూతురు జీలకర్రబెల్లం పెట్టబోతోంది.
ఆ చెయ్యి అతని తల దాకా చేరనేలేదు.

ప్లగ్గు పీకేసి, రెండ్రోజులు ముట్టుకోకుండా ఉంచి
పవర్ సప్లై పెట్టె నేనే విప్పాను.
పైన ఎర్ర స్టిక్కరు: ఐదొందల వాట్లు.
లోపల దారాల్లాంటి తీగలు,
బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మరు,
ఓ మూల జిగురుతో అతికించిన
సిమెంటు ముక్క.
అవును, సిమెంటే.
చేత్తో తూచి కొనేవాళ్ల కోసం వేసిన బరువు.
పైన పటారం లోన లొటారం అనేది మా అమ్మమ్మ.
ఈ లొటారానికి కూడా ఎవడో కూచుని
తూకం కట్టాడు.

బోర్డు బతికింది, అదృష్టం.
శంభుప్రసాద్ బాబాయిది వంటల కాంట్రాక్టు.
ఏ సంగతి చెప్పినా ముందు
"ఎంతమందిని పిలిచారు?" అంటాడు.
ఆయన సరుకుల చిట్టా వెనకవైపే లెక్క రాశాను:
ప్రాసెసరు అరవై ఐదు,
గ్రాఫిక్స్ కార్డు నూట డెబ్బై,
బోర్డు, మెమరీ కలిపి ఓ యాభై,
డిస్కులూ ఫ్యాన్లూ ముప్పై ఐదు.
మూడొందల ఇరవై.

"మూడొందల ఇరవై మందికి మూడొందల ఇరవై ఆకులు తెచ్చేవాడు
వంటవాడు కాదమ్మా, గుమస్తా.
జనం వరసగా రారు, మొదటి బంతికే అందరూ పడతారు.
ఆ కార్డున్నదే, దానికి ఆకలెక్కువా?"
ఎక్కువే. ఒక్కో క్షణం రెట్టింపు మింగుతుంది.
"అయితే దాన్ని చూసి ఎసరు పెట్టు."

గవర్నర్‌పేటలో, మెట్ల కింద, జిలానీ కొట్టు.
అతను పెట్టె మీది పెద్ద అంకె చూపించడు.
తిప్పి, పక్కనున్న పట్టీలో
పన్నెండు వోల్టుల గడి మీద గోరు పెడతాడు.
"మిగతాదంతా ఫ్లెక్సీ మీద ఫొటో, మేడం. ఓటు ఇక్కడుంది."
ఐదొందల యాభైది, ఐదేళ్ల వారంటీ.
ఏడొందల యాభైది కూడా దింపాడు.
"అవసరమా?" అన్నాను.
"లేదు" అని మళ్లీ పైకెక్కించాడు.
అందుకే అతని దగ్గరికి వెళ్తాను.

నాలుగు వేల ఆరొందలు.
అద్దాల కేబినెట్, రంగులు మార్చే ఫ్యాన్లు
కొనుక్కుందామని దాచిన డబ్బు.
పాత డబ్బాకే బిగించాను. పక్క తలుపు లేదు,
దోమతెర ముక్క కట్టాను.

ఇబ్రహీంపట్నం గొట్టాల దగ్గర పుట్టిన కరెంటు
స్తంభాలు ఎక్కి దిగి,
మా సందు చివర ఉడతలు పడి చచ్చే ట్రాన్స్‌ఫార్మరు దాటి
రెండొందల ముప్పై ఉండాల్సింది నూట తొంభైగా
తూలుతూ ఇంటికొస్తుంది.
ఈ నల్ల పెట్టె దాన్ని గుమ్మంలో ఆపి,
కాళ్లు కడిగించి, కొలిచి,
పన్నెండుకి పన్నెండుగా లోపలికి పంపుతుంది.

ఉయ్యూరు పెళ్లి మళ్లీ మొదట్నుంచి కూర్చాను.
పదిన్నరకి ట్యూబులైటు మినుక్కుమంది.
ఏసీలు.
ఊపిరి బిగబట్టాను.
పెళ్లికూతురి చెయ్యి కదిలింది, లేచింది,
అతని తల మీద ఆనింది.

మర్నాడు బాబాయి వచ్చి
"అంత డబ్బు పోసింది ఏదీ, చూపించు" అన్నాడు.
వంగి చూస్తే నల్ల డబ్బా, ఓ ఫ్యాను, అదీ తిరగట్లేదు.
"ఇదేం చేస్తుంది?"
"ఏం చెయ్యదు. మధ్యలో ఆగదు."
కాసేపు అక్కడే గొంతుక్కూచుని
గంగాళం పక్కన చెయ్యి పెట్టి చూసినట్టు
దాని వెనక అరచెయ్యి పెట్టి చూశాడు.

సిమెంటు ముక్క పారెయ్యలేదు.
టేబుల్ కాలు ఒకటి పొట్టి, దాని కింద పెట్టాను.
అక్కడ మాత్రం
నిజంగానే పనిచేస్తోంది.