దంత్యాలు

వ్యాసర్పాడి కార్పొరేషన్ బళ్ళో
ముప్పైరెండేళ్ళు చెప్పాను ఈ వరస:
నాలుక పైపళ్ళ వెనక తాకాలి, త.
తాకి, కాస్త గాలి వదలాలి, థ.
(పళ్ళూ ముప్పైరెండే. కాకతాళీయం.)

రిటైరైన మూడో ఏడు
తాకడానికి ఏమీ మిగల్లేదు.
షుగరు చిగుళ్ళను కిందనుంచి తినుకుంటూ వచ్చింది.
నేను "తలుపు" అంటే
పక్కవాటా నాగరత్నానికి "అలుపు" అని వినబడింది.
అదీ నిజమే గనక సరిదిద్దలేదు.

డోవ్‌టన్ బస్టాపు వెనక, మెట్లెక్కితే, డాక్టర్ తామరైసెల్వి.
తను "పల్" అంటుంది, నేను "పళ్ళు" అంటాను.
ఆ మాట అన్నప్పుడల్లా నాకు
తోపుడుబండి మీద కారం చల్లిన జామకాయలు కనిపిస్తాయని
ఆమెకి తెలీదు.
ఎక్స్‌రే లైటుకి పెట్టి, నోరంతా మళ్ళీ కట్టాలంది,
రాత్రి గ్లాసులో వేసుకునే రకం కాదంది.
కట్టడమంటే ముందు కూల్చడం, ఏ మేస్త్రీకైనా.
చీటీ డబ్బు కింది దవడకి సరిపోయింది.
పై దవడ, ఇరవైనాలుగు వాయిదాలు.

ఎముకలోకి మరలు దిగేటప్పుడు నొప్పి లేదు, చప్పుడుంది.
పుర్రెలో ఎవరో బీరువా జరుపుతున్నట్టు.
నాలుగు నెలలు రాగిజావ,
మజ్జిగలో నానిన ఇడ్లీ, మళ్ళీ రాగిజావ.

తర్వాత ల్యాబు నుంచి యేసుపాదం వచ్చాడు.
పెరంబూరు మనిషి, ఇంట్లో తెలుగే.
"అమ్మా, మీరు నవ్విన పాత ఫొటో ఒకటి తేండి,
దాన్ని చూసి చేస్తాను."

ట్రంకుపెట్టె దించి వెతికాను.
ట్రైనింగు స్కూలు గ్రూపు ఫొటో: పెదాలు బిగించాను.
పెళ్ళి ఫొటో: తల వంచాను.
వీడ్కోలు సభ: దండ అడ్డం, దాని మీద చెయ్యి అడ్డం.
అరవైరెండేళ్ళలో ఒక్క కెమెరాకీ
నా పళ్ళు చూపించలేదు.
ముందుపళ్ళ మధ్య సందుండేది.
అందులోంచి అదృష్టం జారిపోతుందనేది మా మేనత్త.
జారకుండా
మూసే ఉంచాను.

యేసుపాదం రంగుల పట్టీ విప్పాడు.
పుల్లలకి గుచ్చిన పళ్ళు:
పాల తెలుపు, గంజి తెలుపు, పాత దంతపు దువ్వెన రంగు.
అందరూ మొదటి దాని మీదే వేలు పెడతారట,
బాత్‌రూమ్ టైల్సు తెలుపు.
నేను గంజి దగ్గర ఆగాను.
"సందు కూడా పెట్టు నాయనా."
చెవి మీది పెన్సిలు తీసి, టైలరులా,
"ఎంత?" అన్నాడు.
"పోస్టుకార్డు దూరేంత."

బిగించిన రోజు డాక్టరమ్మ
పళ్ళ మధ్య నీలికాగితం పెట్టి
తట్టమంది, కొరకమంది, పక్కకి నూరమంది.
ఎత్తున్నచోట నీలిచుక్క.
చుక్క పడ్డచోట అరగదీత.
మళ్ళీ కాగితం, మళ్ళీ చుక్క.
ఎన్ని వేల నోటుపుస్తకాల్లో ఎర్రసున్నాలు చుట్టానో
అన్నీ నీలమై నా నోట్లోకి తిరిగొచ్చాయి.

"సిక్స్‌టీ సిక్స్ అనండి. మిసిసిపి అనండి."
అన్నాను. బాగుందంది.
ఆమెకి బాగుంది.
లైటు కళ్ళలో కొడుతుండగా, పడుకునే, నావి నేను అనుకున్నాను:
చలి, చల్ల, చుక్క, జల్లెడ, జోల.
ఆ చ-లు వేరు, ఆ జ-లు వేరు, అంగిలి దాకా పోనివి,
పళ్ళ దగ్గరే పుట్టేవి,
తమిళం గాలికి మా పిల్లలు మొదట పోగొట్టుకునేవి.
రాలేదు. సందులోంచి ఈల వచ్చింది.
బయట బెంచీ మీద యేసుపాదం నవ్వాడు.
"నాలుక కదమ్మా, కొత్తిల్లు తడుముకోవాలి. వారం పడుతుంది."

ఆదివారం మా మేడ మీద తెలుగు పాఠానికి
ఐదుగురు వస్తారు. అందులో కృపాజ్యోతి, రెండో క్లాసు,
ముందుపళ్ళు రెండూ ఊడగొట్టుకుని వచ్చింది.
తను తాత అంటే "థాథ".
నేను చాప అంటే ఈల.
ఇద్దరం నవ్వాం. అలవాటుగా
నోటి కోసం లేచిన చెయ్యి గడ్డం దాకా వచ్చి
ఏం చెయ్యాలో తెలీక చెవి గోక్కుంది.

పిల్ల దగ్గరికొచ్చి
పోస్టుడబ్బాలోకి చూసినట్టు నా నోట్లోకి చూసింది.
"టీచర్, మీవి ఎప్పుడు ఊడతాయి?"

వారంటీ కార్డు పర్సులోనే ఉంది.
"పదేళ్ళకి" అన్నాను.
అందులో ద ఉంది.
పలికింది.