ముల్లు చూసి ఊరు చెబుతా

తెల్లారుజామున ఆగీ ఆగనట్టు ఆగిన ప్యాసింజర్లోంచి
మనిషి కంటే ముందు అట్టపెట్టె దిగింది.
వెనకాలే ఆమె.
ఒక చివర తను, ఇంకో చివర ఆటో రవణయ్య,
తొట్టిలో బిడ్డ ఎక్కడ లేస్తుందోనన్నట్టు
బిట్రగుంట స్టేషను మెట్లు దిగి మోసుకొచ్చారు.
నేనింకా షట్టరు సగమే ఎత్తుండా.

మారైకె అంట పేరు. మూడుసార్లు చెప్పించుకుని
మూడుసార్లూ తప్పే పలికా.
జిరాక్సు కొట్టు తబస్సుం ఫోనులో చదివి చెప్పింది:
వాళ్ళ దేశం సముద్రం కంటే పల్లంలో ఉంటాదంట,
కొండనేది లేదంట.
నెల రోజులు సెలవు పెట్టి
మన ఉదయగిరి కొండ చూడబోతా ఉండాదంట, సైకిలు మీద.
రేపో మాపో రోహిణి కార్తె అనగా!
రవణయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అట్ట కోశాం.
రెక్కలు కట్టేసిన కొంగలా పడుంది సైకిలు.
తన పానా నాకివ్వలా, నా పానా దానికి సరిపోలా.
అంగుళాల లెక్క నాది, మిల్లీమీటర్లు ఆమెవి.
కుడి పెడలు తనే బిగించుకుంది.
ఎడమది నేను తీసుకుని వేళ్ళతోనే పట్టించా.
ఎడమ పెడలు మర ఎదురు తిరుగుద్ది.
తెలీనోడు కుడికి తిప్పి తిప్పి, ఎక్కక, సుత్తి కోసం చూస్తాడు;
పనికి కొత్తగా చేరిన కుర్రోళ్ళని నేను దీంతోనే పట్టేది.
నా చెయ్యి ఎడమకి తిరగ్గానే
ఆమె నా మొహం చూసి నవ్వింది.
అప్పుడిచ్చింది పానా.

ఫోనులో నీలం గీత చూపించి దారి అడిగింది.
ఆ గీతలో నీళ్ళు యాడ దొరుకుతాయో లేదు.
సుద్దముక్క తీసి గచ్చు మీద గీశా:
కావలి దాటాక ఆరెంపీ డాక్టరు అరుగు, చలివేంద్రం,
జలదంకి కాడ నల్ల కుక్క, దిగి నడిస్తే ఏమీ అనదు,
కలిగిరి మలుపులో నిమ్మకాయల లారీలు,
వింజమూరు తర్వాత చింతచెట్ల నీడ మూడు పర్లాంగులు,
ఆపైన ఎండే ఎండ.
పదకొండు దాటితే తొక్కబాకమ్మా, అన్నా.
తబస్సుం చెప్పింది. ఆమె రాసుకుంది.

నువ్వెప్పుడు పోయావు మామా అటు, అనింది తబస్సుం.

నేనా.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ నీళ్ళతొట్టి ముందే కూర్చోనుండా,
ట్యూబు ముంచి బుడగ కోసం చూస్తా.
తుమ్మలపెంట నుంచొచ్చే టైర్లో గవ్వ పెంకు,
రొయ్యల గుంటల కాణ్ణించి తీగ ముక్క,
హైవేది గాజు,
మెట్ట నుంచైతే సర్కారు తుమ్మ.
నిమ్మముల్లు పచ్చిదైతే లోపలే విరుగుద్ది, చిమటా పెట్టాలి.
ముల్లు చూసి ఊరు చెబుతా.
నేను చూసిన ఊళ్ళంటే మాత్రం
కావలి సినిమా హాలు, నెల్లూరు పెద్దాసుపత్రి.
నల్ల కుక్క సంగతి
దాంతో కరిపించుకున్న పోస్టుమేను చెప్పిందే.

ఆమె పోయాక
గచ్చు మీది దారిని రెండ్రోజులు తొక్కకుండా దాటా.
మూడోరోజు చినమస్తాను నీళ్ళు చల్లి ఊడ్చేశాడు.

పన్నెండో రోజు సాయంత్రం వచ్చింది.
చేతులు కమిలి, ముక్కు మీద తోలు లేచి,
సంచిలోంచి ఉదయగిరి చెక్క గరిట తొంగి చూస్తా,
వెనక చక్రంలో గాలి లేక నడిపించుకుంటా.
మజ్జిగ తెప్పించా.
టైరు లోపల వేలు పెట్టి తడిమితే
దొరికింది.
వెలుతురులో పెట్టా. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టా.
కొక్కెంలా వంగి, మొదట్లో ఎరుపు, కొన నలుపు.
ఈ ముల్లు నేనెరగను.

యాడిదమ్మా ఇది?
తబస్సుం కొట్టు కట్టేసుంది, చెప్పేవాళ్ళు లేరు.
ఆమె ముల్లు చూసింది, నన్ను చూసింది,
సుద్దముక్క అందుకుని
నేను ఎండ గీసి ఆపేసిన చోటు నుంచి
పడమటికి గీసుకుంటా పోయింది,
స్టూలు కింద నుంచి, తొట్టి పక్క నుంచి,
గడప దాటి, రోడ్డు మీదికి.

అద్దె సైకిలు, తొమ్మిదో నంబరుది,
గోడకి ఆనుకోనుంది.
దాని టైరు బొటనవేలితో నొక్కి చూశా.