పుచ్చు గింజ

కుతాయిసీలో, రియోనీ నది దాపున
పాత జూడో గది. పైకప్పు ఒకచోట కారుతుంది,
అక్కడ బకెట్టు పెడతాం.

త్సియురీ నేరుగా పనినుంచే వస్తుంది.
వేళ్ల సందుల్లో హేజల్‌నట్ పొట్టు.
పొద్దస్తమానం ఫ్యాక్టరీలో
మంచి గింజా పుచ్చు గింజా తడిమి ఏరడం.

చూపులేని వాళ్ల జూడోలో
ముందే పట్టు పట్టుకుని మొదలెట్టాలి.
నా కాలరు ఆమె గుప్పిట్లో,
ఆమె చొక్కా చెయ్యి నా గుప్పిట్లో.
తప్పించుకు తిరగడాలుండవు.

పోటీలింక వారం.
నాకు జాలేసింది.
ఆమె తుంటి తిప్పింది. నా బరువింకా నా మడమల్లోనే ఉంది,
అయినా దబ్బుమని పడ్డాను,
అరచేత్తో చాపని చరిచాను కూడా.
షల్వా మాస్టారు "భేష్" అన్నాడు.

ఆమె కాలరు వదల్లేదు.
"పడలేదు నువ్వు. కూర్చున్నావు."
కాసేపాగి,
"పుచ్చుది చేతికి తేలిగ్గా తగుల్తుంది."

చెవులు కాలిపోయాయి నాకు.

మళ్లీ పట్టుకున్నాం.
ఈసారి నిజంగానే విసిరాను.
నాలుగుసార్లు. ఐదోసారీ.
ప్రతిసారీ లేచి, జుట్టు ముడేసుకుని,
చెయ్యి చాచి నిలబడేది,
బాకీ వసూలుకొచ్చిన మనిషిలా.

ఆరోసారి ఏం చేసిందో తెలీదు.
పైకప్పు మీద తడి మరక కనిపించింది,
తర్వాత ఊపిరి దొరకలేదు.

ఆమె తల పక్కకి వంచి
ఆ చప్పుడు పూర్తిగా విన్నది.
వేళ్లు దులుపుకుని
ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగింది.