కాగితం కదల్లేదు

మూడు నెలలకోసారి, రెండో శనివారం,
కెమిస్ట్రీ బిల్డింగు మెట్ల కింద గదిలో
సలహా సంఘం కూర్చుంటుంది.
జీతం లేదు, భత్యం లేదు.
గోడ గడియారం పది నిమిషాలు వెనక.
దాన్నెవరు సరిచేయాలో ఏ ఫైల్లోనూ లేదు.
నేను మినిట్స్ రాస్తాను.
పదమూడేళ్లుగా అదే నా పని.

అందరికంటే ముందొచ్చేది మ్యాకల సుదర్శనం.
జీడిమెట్ల మందుల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు షిఫ్టులు చేశాడు.
వేళ్ల కొసల మీద గీతలు అరిగిపోయి
ఆధార్ మిషను ఆయన్ని గుర్తుపట్టదు.
రెండు బస్సులు మారి వస్తాడు.
ప్రయాణ ఖర్చుల ఫారం చేతికిస్తే
దాని వెనకవైపు లెక్కలేసుకుంటాడు.

తర్వాత బిల్‌క్వీస్ మేడం, మలక్‌పేట బడిలో
తల్లులకీ, వాళ్ల పిల్లలకీ మూలకాల పట్టిక నేర్పినావిడ.
"ఫస్టియర్లో ఎంతమంది మానేశారు?" అని
కుర్చీ లాక్కోకముందే అడుగుతుంది.
నా దగ్గర అంకె ఉండదు.
ఆమె దగ్గర పేర్లుంటాయి.

ఎస్తేరు రాణి మా పాత విద్యార్థిని.
కొత్తపేటలో తన రక్తపరీక్షల ల్యాబు
ఒక పూట షట్టర్ దించి వస్తుంది.
ఆ పూట నష్టమెంతో నేనెప్పుడూ అడగలేదు.
స్కూటీ మాత్రం ఇంకా కిస్తీల్లోనే ఉందని తెలుసు.

మీటింగు మొదలవకముందే సుదర్శనం ల్యాబులోకి పోతాడు.
జేబులోంచి పేపరు ముక్క, రిబ్బన్‌లా సన్నగా చింపింది,
పొగలు లాగాల్సిన అద్దాల అర ముందు పట్టుకుంటాడు.
గాలి లాగితే అది లోపలికి వంగాలి.
అది నిటారుగా వేలాడుతుంది.

"రాసుకోండ్రి మేడం," అంటాడు,
"కాగితం కదల్లె."

నేను రాశాను:
వెలుపలి సభ్యులు వాయు ప్రసరణపై ఆందోళన వ్యక్తపరచిరి.
తగు చర్యకై నివేదించడమైనది.
ఏడు మీటింగులు. ఏడుసార్లూ
అదే వాక్యం, తారీఖు మార్చి.
ఆయన ఏడుసార్లూ చదివి సంతకం పెట్టాడు,
మందు సీసా మీద లేబుల్ చదివినట్టు, పూర్తిగా.

ఇచ్చేవాడికి అధికారం లేదు,
తీసుకునేవాడికి తీరిక లేదు,
సలహా అంటే అంతేననుకునేదాన్ని.

ఎనిమిదోసారి వాన.
ఉప్పల్ దగ్గర రోడ్డు చెరువైంది.
బిల్‌క్వీస్ మేడం చెప్పులు చేత పట్టుకొచ్చింది.
సుదర్శనం జేబులో కాగితం తడిసి ముద్దయింది.
చుట్టూ చూసి, నా మినిట్స్ పుస్తకం అంచు పట్టుకుని
"చింపనా?" అన్నాడు.
చింపాడు. ఇద్దరం లోపలికెళ్లాం.
అప్పటిదాకా నేనొక్కసారీ లోపలికెళ్లి చూడలేదు,
ఆ సంగతి ఇక్కడ రాయక తప్పదు.
చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకున్న ఒక పిల్ల
బీకరు పక్కన పెట్టి మాకు దారిచ్చింది.

ఆ రోజు రాశాను:
కాగితం కదల్లేదు. లోపల పిల్లలున్నారు.

సోమవారం ఫైనాన్స్ ఆఫీసరు ఫోను: "ఏం కాగితం?"
"వచ్చి చూడండి సార్."
వచ్చాడు. దగ్గాడు.
ఎస్తేరు మూడు కంపెనీల కొటేషన్లు
ఏడాది కిందే తెచ్చి నా బీరువాలో పెట్టింది.
వాటిమీదే ధరలు కొట్టేసి, కొత్తవి రాసిచ్చింది.

ఫ్యాను బిగించేసరికి ఉగాది దాటింది.
సంఘం గడువూ దాటింది.
మూడేళ్లు నిండినవారి స్థానంలో కొత్తవారిని వేస్తూ ఉత్తర్వు,
కింద "వారి సేవలకు కృతజ్ఞతలు."
ఆ ముక్క టైపు చేసిందీ నేనే.
సుదర్శనానికి పోస్టులో పోయింది.

కొత్త సంఘం మొదటి శనివారం, ఎవరూ రాకముందు,
సంతకాల కాగితం అంచు కత్తిరించి
ల్యాబులోకి పోయాను.
స్విచ్ వేశాను.

వెంటనే ఆయనకి ఫోన్ చేశాను:
"కదిలింది సార్."
కాసేపు బస్సు హారన్లు.
"ఎటు వంగింది?" అన్నాడు.
"లోపలికేనా? బయటికి గాదు గద?"

మళ్లీ పోయి చూసొచ్చాను.