రెండూ ఒకటే కదా

సూళ్లూరుపేట బైపాసు కింద నా షాపు.
లారీ క్లచ్చులు, వ్యాను డైనమోలు,
ఆటోలకొచ్చే రోగాలన్నీ నావే.
నీళ్ల మీద తిరిగేవాటి సంగతి నాకు తెలీదని
ఆ రోజు ఒక్క మాట అనుంటే సరిపోయేది.

భీములవారిపాళెం నుంచి కోదండం వచ్చాడు,
స్టార్టర్ మోటారును గోనెలో చుట్టుకుని
పురిటిబిడ్డను తెచ్చినట్టు.
"కాలిపోయింది ఖాజా. ఫ్లెమింగోలు దిగినాయి.
ఆదివారానికి జనం పడవెక్కాల."

పడవది చెన్నై నుంచి రావాలి.
పద్నాలుగు వేలు, పది రోజులు.
నా అలమారులో తుక్కు వ్యానుది ఒకటుంది.
పక్కపక్కన పెట్టి చూశాను:
అవే పళ్లు, అవే బోల్టు రంధ్రాలు,
ఒకే తల్లి కడుపున పుట్టినట్టు.
పద్దెనిమిది వందలన్నాను.
పదిహేనుకు ఒప్పుకున్నాను.

తేడా ఒక్కటే, అప్పుడు కంటికానలేదు.
పడవదానికి ఒళ్లంతా మూత.
లోపలి నిప్పురవ్వ లోపలే చచ్చిపోవాలని
ఎవరో, ఎక్కడో కూర్చుని
చీమ దూరకుండా బిగించిన మూత.
వ్యానుదానికి ఊపిరాడే కంతలు.

వ్యానులో పెట్రోలు కారితే
రోడ్డు మీద పడుతుంది, గాలి ఎత్తుకుపోతుంది.
వ్యాను అడుగంతా సందులే.
పడవకు అడుగున చిల్లుండకూడదు.
అది దాని ధర్మం.
నీళ్లను లోపలికి రానివ్వనిది
ఆవిరిని బయటికి పోనివ్వదు.
కార్బురేటర్ చెమర్చిన రెండు చెంచాల పెట్రోలు
రాత్రంతా చెక్కల కింద పడుకునుంది,
గాలికన్నా బరువుగా,
ఎవరొచ్చి లేపుతారా అని.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది.
తర్వాత తెలిసేదాన్ని చదువంటారో, శిక్షంటారో.

ఆదివారం పొద్దున ఆరు.
పులికాట్ మీద ఇంకా మంచు తెరవలేదు.
టికెట్టు కొన్నవాళ్లు గట్టున టీ తాగుతున్నారు.
టీ కాస్త వేడిగా ఉండబట్టి బతికారు.
కోదండం బామ్మర్ది ఏలుమలై తాళం తిప్పాడు.

టీకొట్టు ముసలమ్మ చెప్పింది:
శబ్దం అంత పెద్దదేం కాదంట,
ఎవరో తడి పట్టా దులిపినట్టు దభ్‌మని.
పక్షులన్నీ ఒక్కసారే లేచినాయంట.
జనం ముందు పక్షుల్నే ఫోటో తీశారంట.

ఏలుమలై ఉన్నాడు. రుయా ఆసుపత్రిలో నలభై రోజులు.
మోచేతుల కింది చర్మం
ఇప్పుడు ఎండిన చేప పొలుసులా మెరుస్తుంది.
నన్ను ఒక్క మాట అనలేదు.
పదిహేను వందలు తిరిగిస్తానని పోతే
కోదండం నోట్ల వంక చూడకుండా
"సామాను బాగానే పనిచేసింది గదా ఖాజా" అన్నాడు.
తిట్టాడో, ఉన్నమాటే అన్నాడో
నాలుగేళ్లుగా తేల్చుకోలేకుండా ఉన్నాను.

కాలిన పడవలోంచి దాన్ని ఊడదీసి తెచ్చుకున్నాను.
నా బల్ల మీదే ఉంది, బిల్లులు ఎగరకుండా బరువుకు.
పడవవాళ్లు ఎవరొచ్చినా చెప్తాను:
తాళం తిప్పేముందు చెక్క ఎత్తు.
ముక్కు పెట్టు. వాసనొస్తే
బీడీ కాదు, సెల్లు లైటు కూడా వద్దు,
దిగి గట్టున కూర్చో.
ఇంజను బిళ్ల ఇత్తడిదే వెయ్యి,
ఇనపది ఉప్పునీళ్లకు ఒక వానాకాలం తాళదు.
చెప్తూ చెప్తూ నా గొంతు నాకే
సున్నం కొట్టిన గోడ మీది నోటీసులా వినపడుతుంది.

నిన్న ఇరకం దీవి నుంచి ఓ కుర్రాడొచ్చాడు.
సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.
"వ్యానుది వేసేయన్నా. రెండూ ఒకటే కదా?"
మూత చూపించాను. కంతలు చూపించాను.
మసి పట్టిన దాన్ని చేతిలో పెట్టాను, బరువు తెలియాలని.
శ్రద్ధగా విన్నాడు. ధర అడిగాడు.
చెప్పాను.
సరేనన్నా అని సంచి భుజానేసుకుని
లారీలు ఆగేదాకా నిలబడి
రోడ్డు దాటాడు.
అవతల దావీదు షాపు తెరిచే ఉంది.